ఫిర్యాది గొంతు: మన సాహిత్యమూ, మన చట్టమూ

1

నేను డిగ్రీ తరగతులకు తెలుగు చెప్పే రోజుల్లో, 2016లో, "కన్యాశుల్కం" పాఠం ముగించిన నాడు ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, బుచ్చమ్మను పూనా పంపిస్తామన్నారు, సరే. అక్కడికి వెళ్లాక ఆమె సంగతి ఎవరికి పట్టింది?" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. నాటకం అక్కడితో అయిపోయింది కదా నాయనా, తరువాతి సంగతి గురజాడనే అడగాలి అని మాట దాటవేశాను.

ఆ కుర్రవాడు ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో కొన్ని రోజుల తరువాత తెలిసింది. అతని తండ్రి వ్యవసాయ కూలీ. రావలసిన కూలి డబ్బు అడిగినందుకు 2010లో ఆయన మీద దాడి జరిగింది. కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. కేసు ఆరేళ్లు నడిచింది. చూసినవాళ్లు చూడలేదన్నారు. ముద్దాయిలు విడుదలయ్యారు. తీర్పు చెప్పిన రోజున ఆయన కోర్టు వరండాలో నిలబడి, "మరి నా సంగతేమిటండీ?" అని అక్కడి సిబ్బందిలో ఒకరిని అడిగాడట. "నీ సంగతేముందయ్యా, నువ్వు సాక్షివి" అని జవాబు వచ్చిందట.

ఈ జవాబులో అబద్ధం లేదు. నేరం జరిగితే దావా నడిపేది రాజ్యం. ఎదుట నిలబడేది ముద్దాయి. చెయ్యి పోగొట్టుకున్నవాడు ఒకటో నంబరు సాక్షి. పిలిచినప్పుడు వచ్చి, చూపినవాణ్ణి గుర్తుపట్టి, వేలిముద్ర వేసి వెళ్లిపోవాలి. అతని వంట్లోని గాయం కేసులో రుజువు మాత్రమే.

చాలాకాలంగా నన్ను వేధిస్తున్న విషయం ఇంతకన్నా పెద్దది. మన కోర్టు దెబ్బతిన్నవాణ్ణి సాక్షిగా చూసినట్టే మన సాహిత్యం కూడా చాలాకాలం అతణ్ణి సాక్షిగానే చూసిందా? రచయిత చేసే వాదనకు అతని కన్నీరు రుజువుగా పనికివచ్చిందే గాని, అతనికి ఏం కావాలో అతని నోట మనం విన్నామా? చట్టాన్నీ సాహిత్యాన్నీ ఒకేచోట పెట్టి చూడాలనుకోవడానికి ఇదే కారణం.

2

ముందు మాటల సంగతి. మన కోర్టు భాషలో నేరం మోపబడినవాడు "ముద్దాయి". ఈ మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఉర్దూలో నేటికీ "ముద్దయీ" అంటే దావా వేసినవాడు, వాది. తెలుగుకు వచ్చేసరికి అది తలకిందులైంది. దావా వేసినవాడి పేరు దావా పడినవాడికి అంటుకుంది. ఇది భాషలో జరిగిన ప్రమాదమే కావచ్చు. కాని ఈ దేశపు పేదవాడి అనుభవం ఆ ప్రమాదాన్ని బలపరుస్తూ వచ్చింది. మొరపెట్టుకోవడానికి పోలీసు స్టేషనుకు వెళ్లినవాడు ఎదురు కేసులో ముద్దాయిగా తేలడం మన పల్లెల్లో వింతేమీ కాదు.

"ఫిర్యాదు" పారశీకం నుంచి వచ్చిన మాట. దానికి అసలు అర్థం రక్షించమని వేసే కేక. కేక వేసేంతవరకే ఫిర్యాదికి కథలో చోటు. ఆ తరువాత కథంతా పోలీసులదీ, ప్లీడర్లదీ, ముద్దాయిదీ. ఇక "బాధితుడు" అనే మాట ఈమధ్య వాడుకలోకి బాగా వచ్చింది. ఆ మాటలో బాధ ఉంది గాని మనిషి చేసే పని ఏదీ లేదు. బాధితుడు అడగడు, పోట్లాడడు, అప్పీలు చేయడు. అతనికి ఏదైనా జరుగుతుంది, అంతే.

నేరాన్ని వ్యక్తి మీద గాక సమాజం మీదనే జరిగిన అపరాధంగా భావించి రాజ్యం దావా నడపడం చరిత్రలో ముందడుగేనని నేను ఒప్పుకుంటాను. లేకపోతే కూలివాడు భూస్వామి మీద తన ఖర్చుతో తానే వ్యాజ్యం నడుపుకోవలసి వచ్చేది. పగకు పగ అనే ఆటవిక నీతి నుంచి కూడా అది మనల్ని తప్పించింది. కాని రాజ్యం అతని తగాదాను తన చేతిలోకి తీసుకుని అతని గాయాన్ని మాత్రం అతనికే వదిలేసింది.

3

"కన్యాశుల్కం" దగ్గరికి మళ్లీ వస్తాను. 1897 నాటి తొలి కూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలు 1,034. వాటిలో ఏడాది నిండిన పసికూనలు కూడా ఉన్నారు. ఆనాటి శిక్షాస్మృతి ప్రకారం ఇది నేరం కాదు. నేరమే లేనప్పుడు బాధితులు ఎక్కడినుంచి వస్తారు? వెయ్యిమందికి పైగా ఆడపిల్లలు ఏ పోలీసు రికార్డుకూ ఎక్కలేదు. వాళ్ల లెక్క ఒక నాటక పీఠికలో మిగిలింది.

ఇక నాటకంలో కోర్టు ఏం చేస్తున్నదో చూడండి. లుబ్ధావధాన్లు తన చిన్నారి భార్యను చంపాడన్న ఆరోపణ మీద పోలీసులు హడావిడి పడతారు. కాని ఆ భార్య ఆడపిల్లే కాదు. కరటకశాస్త్రి వేషం వేయించి తెచ్చిన శిష్యుడు. జరగని హత్య మీద న్యాయయంత్రం కదులుతుంది. అటు సుబ్బిని అమ్మజూపడం, బుచ్చమ్మ బతుకు బండలు కావడం, మీనాక్షిని రామప్పంతులు వంచించడం, ఇవేవీ దాని కంటికి ఆనవు. కూతుర్ని గిరీశం లేవదీసుకుపోయాడని అగ్నిహోత్రావధాన్లు కోర్టుకెక్కితే, అక్కడ ఫిర్యాది తండ్రి. బుచ్చమ్మ కాదు. చట్టం ఏ గాయాన్ని చూస్తుంది, దేన్ని చూడదు అన్న ప్రశ్నను ఇంత పదునుగా చూపిన రచన మన భాషలో దీనికి ముందు లేదు.

అయినా ముగింపు సంగతి వేరు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు సౌజన్యారావు పంతులు చేస్తాడు. ఆనాటి పాఠకుడికి ఇది గాలిలో మాట కాదు. పూనాలో కార్వే 1896లోనే అటువంటి శరణాలయం స్థాపించాడు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది ఒక సహాయ సేవ. ఆ కాలానికి అంతకన్నా అభ్యుదయకరమైన దారి లేదని కూడా ఒప్పుకుంటాను. అయితే ఈ నిర్ణయం జరిగే చివరి రంగంలో బుచ్చమ్మ వేదిక మీదే లేదు. ఆమె గురించి మంచివాడైన ఒక వకీలు నిర్ణయిస్తాడు. ఆమెకు రక్షణ దొరికింది గాని మాట దొరకలేదు. అది దయగా వచ్చింది, హక్కుగా రాలేదు. సౌజన్యారావు దొరకని బుచ్చమ్మల గతి ఏమిటి? ఆ కుర్రవాడు నన్ను అడిగింది ఇదే. గురజాడను నేను తప్పుపట్టడం లేదు. వందేళ్ల తరువాత కూడా ఆ ముగింపును పొగిడి ఊరుకున్న మా వంటి ఉపాధ్యాయులను తప్పుపడుతున్నాను.

4

1960ల నాటికి మన కథ చాలా ముందుకు వచ్చింది. విశాఖపట్నంలో ప్లీడరుగా ఉండి రాచకొండ విశ్వనాథశాస్త్రి కోర్టు లోపలి భాగోతాన్ని రాశాడు. "ఆరు సారా కథలు"లోని "మాయ"లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఒక కొత్త ప్లీడరుకు లోకం తీరు చెబుతుంది. బుచ్చమ్మకు దొరకని నోరు ఆమెకు దొరికింది. ఆ నోరు ఎవరి దయనూ కోరదు. కాని ఆమె నిలబడ్డ స్థానం ఏమిటి? ముద్దాయి స్థానం. ఆమె మీద జరిగిన అన్యాయం ఏ కోర్టులోనూ కేసుగా నడవదు. ఆమెను నిలబెట్టిన కేసు మాత్రమే నడుస్తుంది.

కాళీపట్నం రామారావు 1964లో రాసిన "యజ్ఞం" ఇంకా లోతుకు పోయింది. సుందరపాలెంలో పంచాయతీ కూర్చుని అప్పల్రాముడి అప్పు తీర్చవలసిందే అని ధర్మం చెబుతుంది. అప్పు కింద తన కొడుకు కూడా తరతరాల చాకిరీలో పడతాడని తెలిసిన సీతారాముడు ఆ పసివాణ్ణి తన చేతులతో తానే నరికి పంచాయతీ ముందుకు తెస్తాడు. ఈ ముగింపు మీద మన విమర్శకులు ఎంతో వాదించుకున్నారు. వర్గపోరాటానికి ఇది దారి చూపుతుందా లేదా అన్నది ఆ వాదంలో ప్రధానం. నా దృష్టిలో ఇంకొక ప్రశ్న ఉంది. ఆ క్షణం దాకా సీతారాముడి కుటుంబం మీద జరిగినదానికి చట్టంలో పేరు లేదు. అది ఉత్త అప్పు. కత్తి ఎత్తిన మరుక్షణం చట్టం మేల్కొంటుంది. అప్పుడు అతను హంతకుడు. దోపిడీకి గురైనవాడు చట్టం కంటికి మొదటిసారి కనిపించేది ముద్దాయిగానే.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేయడం దానితో నేరమైంది. అటువంటి అప్పు చెల్లించనక్కరలేదని చట్టమే చెప్పింది. అంటే 1964లో ధర్మంగా చలామణి అయిన పద్ధతి పన్నెండేళ్ల తరువాత శిక్షార్హమైంది. బాధితుడు ప్రకృతిసిద్ధంగా పుట్టడు. ఏది నేరమో నిర్ణయించే పోరాటంలో పుడతాడు. దీన్ని విమర్శకులు గమనించవలసి ఉంది.

ఈ రచనలు చట్టం ముసుగును తొలగించాయి. వాటి గొప్పతనం అందులో ఉంది. తొలగించిన తరువాత ఏమిటి? రచయితల పని అక్కడ ఆగవచ్చు. మనం మాత్రం ఆ రచనలు చదివి "చట్టమంతా మాయే" అనే ఒక తీర్పు తయారు చేసుకున్నాం. ఆ తీర్పు నాకు చాలా సౌకర్యంగా ఉండేది. చట్టం పాలకవర్గపు సాధనమని తరగతిలో చెప్పాను. కాబట్టి ఆ చట్టంలో ఏముందో చదవనక్కరలేదని ఊరుకున్నాను.

5

చదివితే ఏం తెలిసేది? పాత నేర విచారణ స్మృతి ప్రకారం దెబ్బతిన్నవాడికి పరిహారం ముద్దాయి జేబులోంచే రావాలి. 1973 స్మృతిలోని 357వ సెక్షను అదే. ముద్దాయి దొరకకపోతే పరిహారం లేదు. విడుదలైతే లేదు. శిక్షపడినా వాడు బికారి అయితే లేదు. నేరాల నుంచి కాపాడతానని పన్నులు పుచ్చుకున్న రాజ్యానికి ఏ బాధ్యతా లేదు.

ఇతర దేశాలలో ఈ స్థితి 1960లలోనే మారడం మొదలైంది. న్యూజిలాండ్ 1963లో ప్రభుత్వ నిధి నుంచి పరిహారమిచ్చే చట్టం చేసింది. బ్రిటన్‌లో 1964లో అటువంటి పథకం వచ్చింది. 1985 నవంబరులో ఐక్యరాజ్యసమితి నేరబాధితుల న్యాయం గురించి ఒక ప్రకటన చేసింది. గౌరవంగా చూడడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలపడం, పరిహారం, వైద్యసహాయం ఇవి బాధితుడికి దక్కవలసినవని అది చెప్పింది. మన పార్లమెంటు 2008లో చేసిన సవరణ 2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. దానితో మూడు మార్పులు జరిగాయి. "బాధితుడు" ఎవరో నిర్వచనం వచ్చింది. ముద్దాయిని విడుదల చేస్తే బాధితుడు స్వయంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. 357-ఎ సెక్షను వచ్చింది.

ఆ సెక్షనును నేను ఒక రచనను చదివినట్టు చదివాను. ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహార నిధికి పథకం తయారు చేయాలి. ఎంత ఇవ్వాలో న్యాయసేవాధికార సంస్థ నిర్ణయిస్తుంది. ముద్దాయి ఎవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా బాధితుడు ఆ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ పూర్తిచేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: కేసు విడుదలతో ముగిసినా సరే, బాధితుడికి పునరావాసం అవసరమైతే కోర్టు పరిహారానికి సిఫారసు చేయవచ్చు. కోర్టు వరండాలో ఆ కూలివాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ ఒక్క ఉపసెక్షనులో ఉంది. ఆయన అడిగేనాటికి అది ఆరేళ్లుగా చట్టంలో ఉంది.

2013లో వచ్చిన సవరణ లైంగిక హింసకూ, ఆమ్ల దాడికీ గురైనవారికి ప్రభుత్వ ఆస్పత్రులే కాదు, ప్రైవేటు ఆస్పత్రులు కూడా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలన్నది. నిరాకరిస్తే శిక్ష. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతటా అమలు చేయమన్నది. అదే ఏడాది, బాధితుడు అప్పీలు చేయడానికి ముందుగా కోర్టు అనుమతి తెచ్చుకోనక్కరలేదని తేల్చింది. 2024 జూలై 1 నుంచి పాత స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పరిహారపు సెక్షను అందులో 396గా కొనసాగుతున్నది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపల బాధితుడికి తెలపాలి అని రాశారు. కేసును ప్రభుత్వం ఉపసంహరించుకోదలిస్తే ముందు బాధితుడి మాట వినాలని కూడా రాశారు.

ఇదంతా కాగితం మీది మాట అంటారు. నిజమే. కాని కాగితం మీద కూడా ఇది సౌజన్యారావు దయకన్నా ఒక మెట్టు పైన ఉంది. దయను అడిగి పుచ్చుకోవాలి. హక్కును నిలదీసి పుచ్చుకోవచ్చు. ఈ చట్టపు భాషలోనూ పాత వాసన పోలేదు. "పథకం", "సహాయం", "సిఫారసు చేయవచ్చు" అనే మాటలలో దాత గొంతు వినిపిస్తూనే ఉంది. కోర్టు సిఫారసు చేయవచ్చునన్నారు గాని, చేయి పోయినవాడికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత ఎవరిదో గట్టిగా చెప్పలేదు. తెలియని హక్కు ఉన్నా లేనట్టే.

6

"ఇవన్నీ బూర్జువా సంస్కరణలు, వీటిని ప్రచారం చేయడం పోరాటాన్ని నీరుగార్చడం కాదా?" అని మిత్రులు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అడిగినవాణ్ణే. దీనికి జవాబు నా దగ్గర లేదు. కారంచేడు, చుండూరు ప్రజల దగ్గర ఉంది.

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు వచ్చి శిబిరం వేసుకుని పోరాడారు. ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. కేసు నడుస్తుండగానే, 1986లో, సాక్షిగా ఉన్న ఒక స్త్రీని హత్యచేశారు. సాక్షులకు రక్షణ అనేది పట్నపు వకీళ్ల ఊహ కాదనీ, పల్లెలో అది ప్రాణాల మాట అనీ ఈ ఒక్క సంగతి చెబుతుంది. 1989లో షెడ్యూల్డు కులాల, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు వంటి ఊళ్లలో కారిన నెత్తురు, జరిగిన పోరాటాలు దాని వెనుక ఉన్నాయి.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఇక్కడ బాధితులు చేసిన పని మన విమర్శకులు లోతుగా ఆలోచించదగినది. కేసు జిల్లా కేంద్రంలో నడిస్తే మేము రాలేం, కోర్టే మా ఊరికి రావాలి అన్నారు. మా మీద జరిగిన నేరాన్ని మాకు నమ్మకమున్న న్యాయవాది వాదించాలి అన్నారు. ఈ రెండూ సాధించారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం కూర్చుంది. పౌరహక్కుల కోసం పనిచేసిన న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటరుగా వాదించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. నేరానికీ తీర్పుకూ మధ్య పదహారేళ్లు గడిచాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ విడుదల చేసింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు.

చూశారా, చివరికి ఏమైంది, చట్టం మాయే కదా అంటారు కొందరు. నేను అలా అనలేను. పదహారేళ్లు సాక్షులు చెదరకుండా నిలబడ్డారు. కూలివాడి కేసులో చూసినవాళ్లు చూడలేదన్నారు. చుండూరులో చూసినవాళ్లు చూశామనే అన్నారు. తేడా ధైర్యంలో లేదు. ఒకచోట ఒంటరి మనిషి ఉన్నాడు, ఇంకొకచోట సంఘం ఉంది. హైకోర్టు తీర్పు వారి పోరాటానికి పెద్ద దెబ్బ. కాని చుండూరులో బాధితులు సాక్షుల బోనులోంచి బయటికి వచ్చి, విచారణ ఎక్కడ జరగాలో, ఎవరు వాదించాలో నిర్ణయించారు. 2015లో ఆ చట్టానికి జరిగిన సవరణ బాధితులకూ సాక్షులకూ ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చింది. బెయిలు విచారణతో సహా ప్రతి దశలోనూ వారికి ముందుగా తెలపాలి, వారి మాట వినాలి, రాకపోకల ఖర్చు ఇవ్వాలి, అవసరమైతే వేరేచోట నివాసం చూపాలి అని రాశారు. ఆ అధ్యాయం చదువుతుంటే చుండూరు కోరికలే సెక్షన్ల భాషలో వినిపించాయి నాకు.

సాహిత్యంలోనూ ఇదే మలుపు వచ్చింది. 1993లో "నీలిమేఘాలు", 1995లో "చిక్కనవుతున్న పాట" సంకలనాలు వచ్చినప్పుడు మనలో చాలామంది శిల్పం గురించీ వర్గదృష్టి లోపం గురించీ మాట్లాడాం. అసలు సంగతి పక్కకు పోయింది. అంతదాకా మనం ఎవరి తరఫున రాశామో వాళ్లే ఇప్పుడు కలం పట్టారు. సాక్షి ఫిర్యాది అయ్యాడు. మన భాషలో తలకిందులైన మాటను వాళ్లు సరిచేస్తున్నారు.

7

బాధితుడి పేరు చెప్పి చేసే పనులన్నీ బాధితుడికి మేలు చేసేవి కావు. 2019 నవంబరులో హైదరాబాదు పొలిమేరలో ఒక యువతిని అత్యాచారం చేసి చంపిన ఘోరం తరువాత, డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో వెలువడిన నివేదికలో, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. ఆ కాల్పులతో ఏ ఆడపిల్లకు ఏ రక్షణ పెరిగింది? ఆడపిల్ల కనబడడం లేదని రాత్రిపూట స్టేషనుకు పరుగెత్తే తల్లిదండ్రులకు ఆ తుపాకి ఏం జవాబు చెప్పింది? దర్యాప్తు ఎలా జరిగిందో, ఎక్కడ ఆలస్యమైందో అడిగే అవకాశం కూడా ఆ నలుగురితోపాటు పోయింది.

బాధితుడి హక్కునూ ముద్దాయి హక్కునూ తక్కెడలో రెండు పళ్లాలుగా చూపడం పాలకులకు అలవాటు. ఒకటి తగ్గిస్తే ఒకటి పెరుగుతుందని మనల్ని నమ్మిస్తారు. ముత్యాలమ్మను గుర్తుచేసుకోండి. మన సమాజంలో బోనులో నిలబడ్డ పేదలలో చాలామంది మరొక లెక్కలో బాధితులే. ముద్దాయి హక్కు తగ్గిస్తే మొదట నష్టపోయేది వాళ్లు. దెబ్బతిన్నవాడికి కావలసింది వైద్యం, తిండి, రక్షణ, కేసు సంగతి తెలుసుకునే దారి, పోయిన జీవనానికి పరిహారం. వీటికి డబ్బూ శ్రమా కావాలి. ఉరితాడుకూ తూటాకూ పెద్ద ఖర్చు లేదు. అందుకే అవి ముందు దొరుకుతాయి.

8

ఆ విద్యార్థికి పరిహారపు సెక్షను సంగతి నేను చెప్పగలిగింది 2018లో. అప్పటికి నేనే దాన్ని కొత్తగా చదివాను. అతను ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లి వచ్చాడు. విడుదల తీర్పు రోజునే కోర్టును అడిగి ఉంటే సులువుగా ఉండేదనీ, అప్పీలు గడువు కూడా దాటిపోయిందనీ, ఇప్పుడు ప్రయత్నించినా కష్టమేననీ ఆయన చెప్పాడట. కుర్రవాడు నన్ను నిందించలేదు. "ఆ సెక్షను అప్పుడే ఉంది కదా మాస్టారూ" అన్నాడు, అంతే. ఆరేళ్లు ఆ తండ్రి వాయిదాలకు తిరుగుతున్నప్పుడు ఆ ఊళ్లో పాఠశాల ఉంది, రైతుకూలీ సంఘం ఉంది, అభ్యుదయ సాహిత్యం చదివే నావంటి వాళ్లం ఉన్నాం. మాలో ఒక్కరికీ ఆ ఉపసెక్షను తెలియదు. చట్టం మీద మాకున్న సిద్ధాంతం మాత్రం అందరికీ తెలుసు.

కాబట్టి విద్యార్థులకూ ఉపాధ్యాయ మిత్రులకూ నా మనవి ఒకటి. ఇకమీద ఏ కథ చదివినా, ఏ నవల మీద విమర్శ రాసినా, అందులో దెబ్బతిన్న మనిషి మాట్లాడుతున్నాడా, లేక రచయిత వాదనకు సాక్ష్యం చెబుతున్నాడా అని అడగండి. అదే ప్రశ్న చట్టాన్నీ అడగండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల, తెగలవారికీ, పిల్లలకూ అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెప్పాలి. దెబ్బతిన్నవాడు అక్కడికి ఒంటరిగా వెళితే అర్జీదారు. పదిమందితో వెళితే హక్కుదారు. మన సంఘాల శాఖలు ఆ పదిమంది కాగలవు. పరిహారానికి ఎలా దరఖాస్తు పెట్టాలో తెలుగులో ఒక పుటలో రాసి ఊరూరా పంచడం సాహిత్యసేవ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బుచ్చమ్మ పూనా వెళ్లాక ఏమైందని నన్నడిగినప్పుడు నేను నవ్వి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న ఇప్పుడు మీ తరగతులలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాడి ఇంట్లో ఏం జరిగిందో ముందు కనుక్కోండి.